దీవి చుట్టొచ్చాం

కిందటి సంక్రాంతికి మా చిన్న ఆడపడుచు సంచి నిండా బట్టలతోనూ, ఫోను నిండా ఫోటోలతోనూ ఖమ్మంలో దిగింది. మారిషస్ వెళ్ళొచ్చిందట. నేను అరిసెలు వత్తుతుంటే పీట లాక్కుని పక్కన కూర్చుని, నా చేతులకి పిండి అంటివుందన్న దయ అయినా లేకుండా, ఒక్కొక్క బొమ్మా చూపించటం మొదలుపెట్టింది.

"ఇదిగో వదినా, యిది చచ్చిపోయిన అగ్నిపర్వతం నోరు. ఊరి మధ్యనే వుంది. దాన్నిండా చెట్లే! ఇదిగో, యిది ఏడురంగుల మట్టి. ఇది గంగాతలావు. ఇదంతా అగ్నిపర్వతం కక్కిన రాయేనట. దీవి మొత్తం అలా పుట్టిందే."

క్యూర్‌పీప్ అనే వూళ్ళో వుంది ఆ అగ్నిపర్వతం నోరు. షమరేల్ అనేచోట వుంది ఏడురంగుల మట్టి. అన్నీ బాగానే వున్నాయి. చివరి ఫోటో దగ్గర మాత్రం పిల్ల మాట నెమ్మదించింది. పోర్ట్ లూయీ రేవులో పాత రాతిమెట్లు. పదహారే మెట్లు. 1834 నుంచి మనదేశంనుంచి చెరుకుతోటల కూలికి పోయినవాళ్ళు ఓడ దిగి ఎక్కిన మెట్లవి. ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కోవాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

ఆ మెట్ల దగ్గర ఆమెకో పెద్దావిడ కలిసిందట. మనిషిది మన పోలికే. తెలుగు మాట్లాడటం రాదు. పాడటం మాత్రం వచ్చు. మారిషస్ తెలుగువాళ్ళు దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఉగాదికి అక్కడ సర్కారు సెలవు కూడానూ. మన గోదావరి సముద్రంలో కలిసేచోట వున్న కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళారు గనక తెలుగువాళ్ళని ఆ దీవిలో 'కోరంగీలు' అనేవారు.

"భద్రాచలం మీ వూరికి దగ్గరేనా, ఎలా వుంటుంది, అని అడిగింది వదినా ఆవిడ. నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు కల్యాణానికి అమ్మ చంకనెక్కి వెళ్ళటం తప్ప నాకేం తెలుసు? జనం, ఎండ, పానకం. అంతే. ఆ దీవి చుట్టూ నాలుగు రోజులు తిరిగాను, మన వూరి చుట్టూ ఒక్కరోజు తిరగలేదు."

అరిసె నూనెలో మాడింది. కనుమ వెళ్ళిన మర్నాడు కారు మాట్లాడుకుని, పులిహోరా పెరుగన్నమూ కట్టుకుని, ఆడవాళ్ళం యిద్దరమే బయల్దేరాం.

* * *

మొదటి మజిలీ కిన్నెరసాని. పాల్వంచ దాటి అడవిలోకి మళ్ళితే జలాశయం. నీళ్ళ మధ్యన పచ్చటి లంకలు, గట్టున జింకల పార్కు, చలి ఎండలో ఒడ్డుకొచ్చి పడుకునే మొసళ్ళు. పిల్లలున్నవాళ్ళు జింకల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ యేటి పేరు వింటే విశ్వనాథ సత్యనారాయణగారి 'కిన్నెరసాని పాటలు' గుర్తుకు రాక మానదు. అత్త మాటలు పడలేక అడవిలోకి నడిచిపోయి, నీరై ప్రవహించిన కోడలి కథ అది. వెంటపడ్డ మొగుడు రాయై నిలిచిపోయాడు.

"ఎవరూ సర్దిచెప్పలేదా?" అని అడిగింది మా ఆడపడుచు.

"ఆడపడుచు వున్నట్టు కథలో లేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక మా ప్రయాణమూ గోదావరి వెంటే.

సాయంకాలానికి భద్రాచలం వంతెన ఎక్కాం. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెన అది. అంతకుముందు పడవలే. మా అత్తగారు పెళ్ళైన కొత్తలో పడవ మీదే రాముణ్ణి చూడబోయి, గోదారి మధ్యన భయంతో మొక్కిన మొక్కులన్నీ గట్టెక్కాక మరిచిపోయానని చెప్పేవారు.

వంతెన మీద కారాపించి మా పిల్లకి చెప్పాను: "నువ్వు మారిషస్‌లో దీవి చూసొచ్చావు. ఇదిగో, యిదీ దీవే."

ఎగతాళికి అన్నమాట కాదు. భద్రాచలం చరిత్ర చూస్తే, కదలకుండా కూర్చున్న వూరు ఎన్ని చిరునామాలు మార్చిందో తెలుస్తుంది. 1860 దాకా నిజాం ఏలుబడిలో వుంది. ఆ యేడు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళు దాన్ని మధ్యపరగణాల్లో కలిపి ఎక్కడో సిరొంచ నుంచి పాలించారు. 1874లో మద్రాసు రాజధానికి మార్చి గోదావరి జిల్లాలో పెట్టారు. తర్వాత తూర్పు గోదావరి అయింది. 1959లో మా ఖమ్మం జిల్లాకొచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలన్నీ ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, రాముడి గుడీ దాన్ని అంటుకున్న పట్నమూ తెలంగాణలో మిగిలాయి. 2016లో మళ్ళీ కొత్త జిల్లా, భద్రాద్రి కొత్తగూడెం. పెళ్ళై అత్తారింటికి వెళ్ళే ఆడపిల్లకి ఒక్కసారే యింటిపేరు మారుతుంది. పాపం, ఈ వూరికెన్నిసార్లో!

ఇప్పుడు ఒకవైపు గోదావరి, మిగతా వైపులు ఎటు నాలుగడుగులు వేసినా వేరే రాష్ట్రం. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అనే అయిదు పంచాయతీలూ వూరి గుమ్మంలోనే వున్నా అవి ఆంధ్రావి. తిరిగి యిమ్మని తెలంగాణ అడుగుతూనే వుంది.

ఇక వానాకాలం వస్తే నిజంగా దీవే. ఘాటు దగ్గర నీటిమట్టం అంకెలు కనిపిస్తాయి. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకు మించింది యింతవరకూ లేదు. 2022 జులైలో 71.3 అడుగులు. అప్పుడు వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. మా పిల్ల తలెత్తి 75 ఎక్కడుంటుందో వూహించబోయి, మెడ నొప్పెట్టి మానేసింది.

* * *

మర్నాడు పొద్దున్నే దర్శనం. గుడి కట్టించిన రామదాసు కథ మనకందరికీ తెలిసిందే. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న. మేనమామలు అక్కన్న మాదన్నలు గోలకొండ మంత్రులు. తానీషా, అంటే 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షా, ఆయన కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారీ. శిస్తు సొమ్ముతో గుడి కట్టి, నగలు చేయించి, గోలకొండ చెరసాలలో పడ్డాడు. పన్నెండేళ్ళ చెర, ఆరు లక్షల వరహాలూ, రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి బాకీ తీర్చటమూ భక్తుల కథ. చరిత్ర ఎక్కడ ఆగి కథ ఎక్కడ మొదలైందో గీత గీయటం కష్టం. గీయమని ఎవరూ మనని అడగలేదు కూడా.

అయితే రామదాసు కన్నా ముందు యిక్కడొక ఆడది వుంది. పోకల దమ్మక్క. అడవిపల్లె మనిషి. పుట్టలో రాముడున్నాడని ఆమెకి కల వచ్చిందనీ, గోదావరి నీళ్ళు బిందెలతో తెచ్చి పుట్టమీద పోసి కరిగించి విగ్రహాలని బయటికి తీసిందనీ, తాటాకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందనీ స్థలపురాణం. రాతిగుడి తర్వాత వచ్చింది. చింతాకు పతకమూ, కలికితురాయీ తర్వాత వచ్చాయి. మొదట వున్నవి ఆమె బిందే, తాటాకులే.

"ఆ పెద్దావిడకి యిది చెబుతాను" అంది మా ఆడపడుచు. "నగల సంగతి కాదు. బిందె సంగతి."

అక్కణ్ణించి గుండాల. భద్రాచలానికి దగ్గరే, అయినా పక్క రాష్ట్రం. నది ఒడ్డున యిసకలో చేత్తో గుంట తీస్తే గోరువెచ్చటి నీళ్ళు వూరతాయి. వానాకాలం వరదలో మునిగిపోతాయి గనక చలికాలమూ, వేసవీ వెళ్ళాలి. మేం వెళ్ళేసరికి నలుగురు అమ్మలక్కలు పసుపూ కుంకుమా జల్లి దణ్ణం పెట్టుకుంటున్నారు. మా పిల్ల చీర కుచ్చెళ్ళు ఎత్తికట్టి, గాజులు మోచేతికి తోసి, యిసక తవ్వి, వేళ్ళు ముంచి కెవ్వుమంది.

"వదినా, కింద అగ్నిపర్వతం వుందా?"

లేదు. ఇక్కడే భూగోళం కొంచెం చెప్పుకోవాలి. గోదావరి లోయ కోట్ల యేళ్ళ కిందట భూమి పగిలి కుంగిపోయిన చోటు. ఆ కుంగినచోట పూడుకుపోయిన అడవులే మన సింగరేణి బొగ్గు. పగుళ్ళ వెంట నీళ్ళు లోతుకి యింకి, అక్కడి వేడికి కాగి, మళ్ళీ పైకి వస్తాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు బావిలోంచి వేడినీళ్ళు వాటంతటవే పొంగుతుంటే, సింగరేణివాళ్ళు దానితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న యంత్రం పెట్టి చూశారు.

అగ్నిపర్వతం నిప్పు మాత్రం మనకి పడమట్నుంచి వచ్చింది. ఆరున్నర కోట్ల యేళ్ళ కిందట దక్కను పీఠభూమిని కప్పేసిన లావాలో కొంత, ఆనాటి నదుల లోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా చేరిందని శాస్త్రజ్ఞులంటారు. ప్రపంచంలో అంత దూరం పారిన లావాలు అరుదట. కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి అదే. మన యిళ్ళ పునాదుల్లో పోసే కంకర్రాయి ఒకనాడు నిప్పుల నది అన్నమాట. మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. మారిషస్‌లో టిక్కెట్టు కొని చూసినదాన్ని, యింట్లో రోజూ తొక్కుతున్నామని తెలిస్తే ఎవరికైనా అంతే.

* * *

మధ్యాహ్నానికి దుమ్ముగూడెం చేరాం. నాకీ ప్రయాణంలో అన్నిటికన్నా యిష్టమైన చోటు యిదే. అక్కడ ఏముందని అడుగుతారు జనం. ఒక పాత ఆనకట్ట, పడవలకోసం కట్టిన కాలవ, లాకులు. నాకు అక్కడ ఒక మునిగిపోయిన కల కనిపిస్తుంది.

కాటన్‌దొరని ధవళేశ్వరం ఆనకట్టతో తలుచుకుంటాం. 1852లో అది పూర్తయింది. ఆయన ఆశ అక్కడితో ఆగలేదు. గోదావరి మీద స్టీమర్లు నడిపి, నాగపూరు, బేరారు పత్తిని కాకినాడ రేవుకి తేవాలన్నాడు. సరిగ్గా అప్పుడే, 1861 నుంచి 1865 దాకా, అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకి పత్తి కరువైంది. కాటన్ అంటే పత్తేగదా! దొర పేరుకి తగ్గ పనే. నది మీద మూడు చోట్ల రాళ్ళు అడ్డం వున్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి. మూడోది యింకా పైన. హేగ్ అనే యింజినీరు దుమ్ముగూడెంలో మకాం వేసి ఆనకట్టా, లాకులూ కట్టించాడు. అడవి జ్వరాలు ఎందరినో తీసుకున్నాయి. ఎండాకాలం నదిలో నీళ్ళుండవు, వానాకాలం పడవ నిలవదు. ఈలోగా రైళ్ళొచ్చాయి. 1871లో 'ఇక చాలు' అని పని ఆపేశారు.

చిత్రమేమిటంటే, అదే 1871లో మా ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు కనిపెట్టాడు. నదిమీద కల పోయిన యేడే, నేలకింద యింకో కథ మొదలైంది. బొగ్గు వెంట రైలొచ్చింది. గోదావరి వెంట రావలసిన స్టీమరు రాలేదు.

దొరలందరూ వెళ్ళిపోలేదు. జాన్ కెయిన్ అనే పాదిరీ దుమ్ముగూడెంలో చాలా యేళ్ళుండి, కోయల భాష గురించీ ఆచారాల గురించీ వ్యాసాలు రాశాడు. పత్తి మూటలు దాటని చోటునుంచి ఆ కాగితాలైనా బయటికెళ్ళాయి. ఇప్పుడు పాత ఆనకట్టకి దిగువన సీతమ్మసాగర్ అని కొత్త బరాజు తలపెట్టారు. గోదావరిని చూస్తే ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కట్టాలనిపిస్తూనే వుంటుంది.

దగ్గర్లోనే పర్ణశాల. సీతారాములు వనవాసంలో వున్నారంటారు. సీతవాగు రాళ్ళు కొన్ని పసుప్పచ్చగా, కొన్ని ఎర్రగా వుంటాయి. సీతమ్మ పసుపూ కుంకుమా అవేనని అమ్మలక్కల నమ్మకం. అరగదీసి బొట్టు పెట్టుకుంటారు. నారచీర ఆరేసిన గుర్తులు కూడా చూపిస్తారు. ఏడురంగుల మట్టి ఫోటో తీసొచ్చిన మనిషి యిక్కడ రాయి అరగదీసి నాకూ బొట్టు పెట్టింది. "అక్కడ మట్టి ముట్టుకోనివ్వరు వదినా, కంచె కట్టారు" అంది.

* * *

మూడోరోజు పాపికొండలు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అది దాటి పోచవరం వెళ్ళి లాంచీ ఎక్కాలి. ఎక్కగానే ప్రాణరక్షణ జాకెట్టు తొడిగించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోటు మునిగి ఎందరో పోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. చీరమీద ఆ జాకెట్టు ఎలా వుంటే ఏం, తీయవద్దని మా పిల్లకి ముందే చెప్పాను.

కొండలు రెండువైపులనుంచీ దగ్గరికొస్తాయి. అంత గోదావరీ ఒక సన్నటి సందులో దూరుతుంది. ఎదురుగా దారి లేదనిపిస్తుంది, లాంచీ మలుపు తిరగగానే తలుపు తీసినట్టు మళ్ళీ నీళ్ళు. లాంచీలో పాటలు పెట్టినవాడు కూడా అక్కడ ఆపేశాడు.

పేరంటాలపల్లిలో దిగాం. కొండమీంచి జలజల పారే సెలయేరు, చిన్న శివాలయం, మునివాటిక. మెట్లకింద కొండరెడ్డి ఆడవాళ్ళు వెదురుతో అల్లిన బుట్టలూ, పూలూ అమ్ముతున్నారు. ఒక నడివయసు మనిషి దగ్గర బుట్ట బేరమాడి, పక్కన కూర్చున్నాను.

"మీదే వూరమ్మా?" అన్నాను.

"ఊరు గిదే. రేపు ఏదవుతదో" అంది.

పోలవరం ఆనకట్ట నిండా నీళ్ళు నిలిపితే మట్టం 150 అడుగులు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలని సర్కారు లెక్క. దేవీపట్నం వైపు వూళ్ళు యిప్పటికే ఖాళీ అయ్యాయి. ఆనకట్ట వద్దనేటంత తెలివి నాకు లేదు. దిగువన ఎండిన చేలున్నాయి, ఆ రైతు బాధా బాధే. కాని ఆ మనిషి పక్కన కూర్చున్నప్పుడు లెక్కలు నోటికి రాలేదు.

"కొత్త ఊళ్ళో యిల్లిచ్చారటగా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మా చెల్లెలోళ్ళకి యిచ్చిండ్రమ్మా. సిమెంటిల్లు, మంచిగనే ఉంది." బుట్ట అంచు బిగిస్తూ అంది. "ఇప్పచెట్టు ఇయ్యలేదు. ముత్యాలమ్మని యాడ పెట్టాలో చెప్పలేదు. వాళ్ళు పండక్కి యింకా గీడికే వస్తరు. గిది మునిగినంక ఏడికి వస్తరో."

మా ఆడపడుచు బుట్టకి అడిగిన డబ్బు యిచ్చేసింది. నేనాడిన బేరం అంతా వృథా. ఇంకెప్పుడూ దాని గురించి నేను మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో లాంచీ రెయిలింగు పట్టుకుని అంది: "ఆ పదహారు మెట్లూ ఎక్కినవాళ్ళు కూడా యిలాగే అనుకుని వుంటారు కదా వదినా. అమ్మోరిని ఎక్కడ పెట్టాలి అని."

నిజమే. వాళ్ళు కోరంగిలో ఓడెక్కినప్పుడు మూటలో ఏం పట్టుకెళ్ళారో ఎవరు చూశారు? చెట్టూ, చేనూ, గుడీ పట్టుకెళ్ళలేరు. పాట ఒక్కటే తేలిక. మాట మరిచిపోయినా, రాముడి పాట మాత్రం నూట ఎనభై యేళ్ళుగా నిప్పురాతి దీవిలో మిగిలింది.

* * *

ఇంటికొచ్చాక ఆ పెద్దావిడకి ఉత్తరం రాస్తానని కూర్చుంది మా పిల్ల. "నువ్వు నవలలు రాస్తావుగా, చెప్పు, నేను ఇంగ్లీషులో రాస్తాను" అంది. కథలేవీ వద్దు, చూడవలసినవి వరసగా రాయమన్నాను. ఆవిడ దీవి గురించి మనకి చెప్పినట్టే మన దీవి గురించి ఆవిడకి చెబుదాం.

కోడలు నీరైన కిన్నెరసాని. దమ్మక్క బిందె మోసిన గోదారి ఘాటు. అక్కడ మెడ ఎత్తి 75 అడుగుల దాకా చూడాలి. గుండాలలో చీర తడిసినా సరే, యిసక తవ్వి వేడినీళ్ళు ముట్టుకోవాలి. దుమ్ముగూడెంలో రాని స్టీమరు కోసం ఒక ఘడియ నిలబడాలి. పర్ణశాలలో రాయి అరగదీసి బొట్టు పెట్టుకోవాలి.

చివర పాపికొండలు అని రాసి కలం ఆపింది. దానికెదురుగా ఏం రాయాలని నావైపు చూసింది.

"ఆలస్యం చెయ్యకండి అని రాయి" అన్నాను.